గొర్రెల కొట్టంలో బస్సు

మా లెక్కల అయ్యవారు నన్ను చూసినప్పుడల్లా ఒకటే మాట అనేవాడు: "ఒరే, నువ్వు పాత ఇనుముకు కూడా పనికిరావురా!" ఆరో తరగతిలో నేను బడికి దండం పెట్టి బయటపడిన రోజు కూడా అదే అన్నాడు, దీవించినట్టు. ఆయన మాట అబద్ధం చేయాలని పంతం పట్టి, కడప జిల్లా దాటి, సముద్రం దాటి, కువైట్ పోయి, అమ్ఘరాలో ఒక పాత ఇనుము యార్డులో పనికి కుదిరినాను. పనికొచ్చినాను గదా! ఆ సంగతి జాబు రాసి చెబుదామనుకున్నాను గానీ, తప్పులు దిద్ది వెనక్కి పంపుతాడని భయపడి మానుకున్నాను.

ఇప్పుడు గల్ఫుకు పోయే తమ్ముళ్లు నన్ను అడుగుతుంటారు. "పెద్దాయనా, ఇరాక్ వాళ్లు కువైట్‌లోకి వచ్చినప్పుడు నువ్వు అక్కడే ఉంటివంట గదా, ట్యాంకులు చూస్తివా, తుపాకులు చూస్తివా?" అని. చూసినాను. వాటి సంగతి చెప్పేవాళ్లు వేరే శానామంది ఉండారు. తుపాకీ పేలినప్పుడు నేను మంచం కింద ఉంటి, అక్కణ్నుంచి ఏం కనపడతాది? నేను చెప్పేది ఒక కొట్టం సంగతి. మేం కట్టిన కొట్టం.

ముందు మా పనేందో చెప్తా. యార్డు గేటులోకి ఒక లారీనో, కారో వస్తాది. నేను గ్యాస్ కట్టర్ పట్టుకుని దాన్ని కోస్తాను. తలుపులు ఒక పక్క, ఇంజన్ ఒక పక్క, రేకు ఒక పక్క. గేటులోకి బండిగా వచ్చింది తునకలై పోతాది. నేను చేరినప్పటి నుంచి ఆ గేటు దాటి తన కాళ్ల మీద తాను బయటికి పోయిన బండి ఒక్కటి కూడా లేదు. చంపేదాంట్లో మాకు అంత పేరు.

యార్డులో నాకు జోడీ ఒక కోనసీమ వడ్రంగి మేస్త్రీ. పాత లారీల చెక్క పనంతా ఆయనది. ఆయన భార్య మా కఫీల్ ఇంట్లో వంటమనిషి. కఫీల్ అంటే మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యార్డు యజమాని. జహ్రాలో కఫీల్ ఇంటి పెరట్లోనే వాళ్లిద్దరికీ ఒక గది ఇచ్చినారు. ఆ అమ్మాయి నన్ను మొదటి రోజే "అన్నయ్యగారూ" అని పిలిచింది. అంతటితో మేస్త్రీ నాకు బావ అయిపోయినాడు. బావ అంటే తమ్ముళ్లారా, ఎగతాళి చేసేదానికి లైసెన్సు. మేస్త్రీ చేతులు మాత్రం ఎగతాళికి దొరికేటివి కావు. ఆయన చీల కొడితే కర్రకు కూడా నొప్పి తెలిసేది కాదు.

ఇంట్లో పెద్ద దిక్కు కఫీల్ తల్లి. అక్కడ ఇంటి పెద్దామెను పిలిచినట్టే మేమంతా మామా అని, అంటే అమ్మా అని, పిలిచేవాళ్లం. ముసలామె. కళ్లు కొంచెం మసక, నాలుక మాత్రం కత్తి. వాళ్ల ఆయన చిన్నప్పుడు బొంబాయికి పడవల్లో ఖర్జూరాలు తోలినాడంట, అందుకని ఆమెకు విరిగిన ముక్కల హిందీ వచ్చేది. మా హిందీ అంతకంటే విరిగింది. రెండూ కలిస్తే మాటలు బాగానే అతుక్కునేవి.

ఆ ఎండాకాలం కఫీల్ పెళ్లాం పిల్లలతో సెలవులకు దేశం దాటి పోయినాడు. తల్లిని రమ్మంటే, "నేనొస్తే నా గొర్రెలకు నీళ్లెవరు పెడతారు?" అని ఉండిపోయింది. ఆయన అటు పోయినాడు, ట్యాంకులు ఇటు వచ్చినాయి.

వచ్చిన వారంలోనే యార్డు బోడిగుండు అయిపోయింది. క్రేన్లు పోయినాయి, జనరేటర్ పోయింది, నా గ్యాస్ కట్టర్ కూడా పట్టుకుపోయినారు. కదిలేదాన్నల్లా కదిలించుకుని పోయినారు. కదలనిదాని వైపు మాత్రం తిరిగి కూడా చూడలేదు. ఒక మూల చక్రాల్లేని పాత బస్సు ఒకటి పడి ఉండేది. వెనక తట్టు ఉండే ఇంజన్ సగం విప్పేసి, రేపు కోద్దాంలే అని వదిలిపెట్టిన బస్సు. అది మాత్రం అట్లే మిగిలింది.

అప్పటికే మనవాళ్లు దొరికిన బండి పట్టుకుని ఇరాక్ మీదుగా జోర్డాన్ పోతున్నారు. అక్కడికి చేరితే మన సర్కారు విమానాలు. కానీ చేరేదెట్లా? బస్సులో కిటికీ పట్టుకుని వేలాడేదానికి కూడా తావు లేదు. జనం టాపు లేని లారీల్లో, ఆ మండే ఎండలో, గొర్రెల మాదిరి నిలబడి పోతుండిరి. మేస్త్రీ భార్యకు అప్పుడు ఆరో నెల. ఆస్పత్రిలో నర్సులు సగానికి సగం ఊళ్లకు పోయినారు. అటు లారీలో ఎక్కించలేము, ఇటు ఉంటే కాన్పుకు దిక్కు లేదు. ఇంకో నెల దాటితే ఎట్లాంటి బండి దొరికినా ఎక్కించే పరిస్థితి ఉండదు.

ఒకరోజు యార్డులో ఆ చచ్చిన బస్సు చుట్టూ మేస్త్రీ ప్రదక్షిణలు చేస్తున్నాడు.

"ఏంది బావా, మొక్కు ఏమన్నా ఉందా?" అంటి.

"బావగారూ, దీన్ని బతికించలేమంటారా?"

"చంపడమే నేర్చిన చేతులు ఇవి. బతికించేది యాడొస్తాది?"

"అదేంటండీ, ఎలా విప్పారో అలా వెనక్కి బిగించడమే కదండీ. మీరు విప్పినప్పుడు చూడలేదేంటి?"

"నేను చూసుకుంటా విప్పింటే ఇంజన్లో సగం బోల్టులు యాడో పారేసుకుంటానా బావా?"

ఆయన ఇసకలో చతికిలబడి ఒక ఇనప కమ్మీతో గీతలు గీయడం మొదలుపెట్టినాడు. "యార్డులో చేస్తే మనం చివరి బోల్టు బిగించేలోగా వాళ్లొచ్చి తోలుకుపోతారండి. అమ్మగారింటి పెరట్లో చెయ్యాలి. ఎండలో చేస్తే మనం మాడిపోతాం, నీడ కావాలి. ఇంజన్ వేలాడదీయడానికి గట్టి దూలం కావాలి. చూసేవాడికి మాత్రం గొడ్ల పాకలా కనపడాలి. రాటలు పాతేసి రేకులు కప్పేద్దావండి. పునాది అక్కర్లేదు, గోడలక్కర్లేదు."

మామాను అడగాలి గదా. ఇద్దరం పోయి నిలబడినాము. నేను నాకొచ్చిన అరబ్బీ, హిందీ, చేతులూ అన్నీ కలిపి చెప్పినాను. ఆమె అంతా విని, వంటింటి గడపలో నిలబడిన మేస్త్రీ భార్య కడుపు వైపు ఒకసారి చూసి, "స్తంభాలు యాడ పాతాలి?" అని అడిగింది. అంతే. సరేనని కూడా అనలేదు.

రాటలకు చమురు బావులు తవ్వే పాత గొట్టాలు తెచ్చినాము. ఆ గొట్టాలు చూసి ఎవరికీ ఆశ పుట్టదు, అంత బరువు. గుంతలు నేను తవ్వినాను. పైన ఇసక, మూరెడు లోతుకు పోతే రాతి మాదిరి గట్టి నేల. మేస్త్రీ గడ్డపార రెండు దెబ్బలు వేసి చేతులు ఊదుకున్నాడు.

"మీ కోనసీమలో వేలు పెడితే గుంత అవుతాదంట గదా బావా?"

"వేలు తీసేస్తే నీళ్లొస్తాయండి. మీ కడపలోనో?"

"మా తట్టు గడ్డపార తీస్తే దుమ్ము వస్తాది. ఇట్లియ్యి ఆ గడ్డపార!"

పై వాసాలకు కర్ర కావాలంటే మామా తన పాత సామాన్ల గది తెరిపించింది. ఎప్పుడో పడగొట్టిన వాళ్ల మట్టింటి పైకప్పు కర్రలు, సన్నంగా, నల్లగా, కట్టలు కట్టలుగా దాచుకోని ఉంది. మేస్త్రీ ఒకటి తీసి వాసన చూసినాడు. మొగం వెలిగిపోయింది. "ఇది మడ కర్రండీ! మా కాకినాడ దగ్గర ఉప్పుకయ్యల్లో పెరిగేది ఇలాంటిదేనండి. ఈ ఎడారిలోకెలా వచ్చిందండీ?" పడవల మీద ఆఫ్రికా నుంచి వచ్చేవంట. ఆ కర్ర ముందు ఆయన కాసేపు చుట్టం ముందర నిలబడినట్టు నిలబడినాడు.

మొదటి రాట ఈశాన్యం మూల పాతాలన్నాడు మేస్త్రీ. ఆయన భార్య ఆ గొట్టానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నవధాన్యాలు గుడ్డలో మూటకట్టి తగిలించింది. అంతలో మామా కర్ర పొడుచుకుంటా వచ్చింది.

"ఆ పచ్చగా పూసిందేంది?"

ఆమె దేవుడు వేరు, మన దేవుడు వేరు, ఏమంటాదో అని నేను చటుక్కున, "చెద మందు మామా!" అన్నాను.

ఆమె గొట్టాన్ని కర్రతో టంగుమని కొట్టింది. "ఇనుము తినే చెద ఉందా మీ దేశంలో? అందుకేనా మీరంతా ఇక్కడికొచ్చేసినారు?" మేస్త్రీ భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామా నా వైపు తిరిగి, "మీ దేవుడి పనైతే దేవుడి పని అని చెప్పు. ఆయన పేరు దాచి మందు అంటావే, ఆయనకు కోపం రాదా?" అనింది. అప్పటి నుంచి ఆమె ముందర నేను అబద్ధం ఆడేదానికి ముందు రెండుసార్లు ఆలోచించేవాణ్ని. ఆలోచించి ఆడేవాణ్ని.

కొట్టం మేస్త్రీ లెక్క ప్రకారం ఒంటి వాలుది. వీధి ప్రహరీ గోడకు ఆనుకున్న వెనక వైపు ఎత్తు, ఇంటి వైపు, పెరట్లోకి తెరుచుకునే ముందు వైపు కిందికి. వెనక పక్క రాటలకు అడ్డంగా దూలమేసి, ఇంజన్ లేపేదానికి గొలుసు పుల్లీ తగిలించినాడు. ముందర దూలం యాడ పెట్టాలంటే, బస్సును యార్డులోనే కొలిచినాము. దొర్లించేదానికి కింద గొట్టాలు వేస్తే బస్సు ఎంత ఎత్తు వస్తాదో కొలిచి, దాని మీద జానెడు వదిలి దూలం వేసినాడు.

"వాన పడని దేశంలో చూరు ఇంత కిందికి ఎందుకు బావా?"

"చూరు కిందికుంటేనే నీడండి. పైగా గేటులోంచి చూసేవాడికి లోపలిదేం కనపడదు. ఎత్తు చూరు పెట్టినోణ్ని మావైపు మేస్త్రీ అనరండి. తుఫానుకి పాకతో పాటు పోయేవాడంటారు."

రాటల చుట్టూ కాంక్రీటు పోసి, ఆరినాక ఒక్కో రాటను భుజంతో నెట్టి చూసి, తలూపుకున్నాడు. పైన రేకులు, రేకుల మీద ఖర్జూరం మట్టలు. ముందర మామా గొర్రెలను కట్టేస్తే, నిజంగానే గొర్రెల కొట్టం.

తెలిసిన పఠాన్ ఒకాయన తన ట్రైలర్ మీద బస్సును తెచ్చినాడు. దోవలో సిపాయిలు ఆపి ఇదేందని అడిగితే, "మా మామాకు కోళ్ల గూడు" అంటి. వాళ్లు చక్రాల్లేని ఆ బస్సును, నన్నూ మార్చి మార్చి చూసి నవ్వి వదిలినారు. గొట్టాల మీద దొర్లించుకుంటా, తోక గోడ వైపు, ముక్కు పెరటి వైపు ఉండేటట్టు లోపలికి తోసినాము. బయటికి పోయేటప్పుడు నేరుగా పోవచ్చు గదా అని ఆ మాత్రం తెలివి వాడినాము. దూలం కింద నుంచి బస్సు జానెడు సందులో దూరిపోతుంటే మేస్త్రీ నన్ను చూసి కనుబొమ్మ ఎగరేసినాడు. నేను కూడా ఎగరేసినాను.

పని సాగింది. దోవ పక్కన ఎవరో వదిలేసి పోయిన నీళ్ల ట్యాంకర్ లారీ ఇంజన్ ఒకటి విడి భాగాలుగా తెచ్చి బిగించినాము. చెప్పేదానికి ఒక మాటే గానీ, ఆ మాటలో నా చేతి గోళ్లు అన్నీ పోయినాయి. మేస్త్రీ లోపల సీట్లు చేసినాడు. మిగతావన్నీ చెక్క బెంచీలు. ముందర వరసలో ఒకటి మాత్రం పరుపు ముక్కలు దూర్చి, వాలుగా, కాళ్లు చాపుకునేదానికి పీట పెట్టి చేసినాడు. అది ఎవరికని నేను అడగలేదు. లైసెన్సు ఉంది గదా అని ప్రతిచోటా వాడకూడదు.

అదే ట్యాంకర్ చక్రాలు ఒక్కొక్కటే తెచ్చి గొర్రెల మేత కింద దాచినాము. చక్రాలుండే బస్సు బతికినట్టు లెక్క, లేనిది చచ్చినట్టు లెక్క. అందుకని కడపటి రోజు దాకా వాటిని బిగించకూడదని అనుకున్నాము. ఆ ఆలోచన మంచిదేనని ఒకరోజు రుజువు కూడా అయింది. ఇద్దరు సిపాయిలు ఇంట్లోకి వచ్చి కొట్టంలోకి తొంగి చూసినారు. "ఏందిది?" అన్నారు. "చూస్తున్నారు గదా, కాళ్లు లేవు" అనింది మామా. వాళ్లు బస్సును వదిలేసి, కాళ్లుండే ఒక గొర్రెను పట్టుకుపోయినారు. మామా రెండు రోజులు ఆ గొర్రెను పేరు పెట్టి తలుచుకుంటా వాళ్లను తిట్టింది.

ఇంతలో కువైట్ సిటీలో బ్నీద్ అల్ గార్ నుంచి కబురు. అక్కడ ఒక బిల్డింగులో మన ఆడవాళ్లు కొంతమంది చిక్కుకోని ఉండారు. ఇళ్లల్లో పని చేసేవాళ్లు, ఇంటివాళ్లు సెలవులకు పోయి తిరిగి రాలేదు. వాళ్లను కూడా ఎక్కించుకుంటామని మాట ఇచ్చినాము. మనవాళ్ల బస్సులు కొన్ని ఫలానా పొద్దున వరసగా పోతాయని, ఆ వరసలో కలిస్తే దోవలో ఎవరూ ఆపరని, తప్పిపోతే మళ్లీ ఎప్పుడో దేవుడికి తెలియాలని చెప్పినారు.

ఆ పొద్దున ఆడవాళ్లంతా మూటలతో పెరట్లో కూర్చున్నారు. మామా గోడ నీడలో కుర్చీ వేసుకుంది. మేము చక్రాలు బిగించేదానికి దిగినాము. వెనకవి రెండు జతలు జాకీ పెట్టి లేపి, టకటకా ఎక్కించేసినాము. వెనక పక్క పైన ఎత్తు గదా. ఇంక ముందర. జాకీ తిప్పుతున్నాను. బస్సు ముక్కు లేస్తా ఉంది. ఇంకో నాలుగు తిప్పులు అనుకునేలోగా పైన ఠక్ అనింది. బస్సు నెత్తి దూలానికి తగిలింది. చక్రం ఎక్కాలంటే ఇంకా మూరెడు లేవాల.

ఇంకొంచెం తిప్పినాను. రేకులు కిర్రుమన్నాయి. రాటలు మాత్రం కదల్లేదు. కొంచెం కూడా.

మేస్త్రీ, నేను ఒకరి మొగం ఒకరు చూసుకున్నాము. చక్రాలు లేని బస్సును కొలిచినాము. చక్రాలతో బస్సు ఎంత ఎత్తు ఉంటాదో ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు. ఏళ్ల తరబడి బండిని లోపలికి లాగేదే మా పని. బయటికి పంపేది ఎప్పుడైనా చేసి ఉంటే గదా! ప్రపంచంలో ఇంకెవరు కట్టినా ముందు ఆ సంగతే ఆలోచిస్తారు. స్క్రాప్ వాళ్లం మేము మాత్రమే అట్లాంటి కొట్టం కట్టగలము.

వెనక చక్రాలు విప్పి, వచ్చిన దోవనే గొట్టాల మీద బయటికి దొర్లిద్దామంటే, ఇప్పుడు వెనక ఇంజన్ బరువు చేరింది, గొట్టాలు ఇసకలో కూరుకుపోతాయి.

"రాటలు కోద్దాం బావా."

"దేంతో కోస్తారండీ? మీ కట్టర్ వాళ్ల దగ్గరుంది. బ్లేడుతో కోస్తే ఆ గొట్టం రేపు సాయంత్రానికి తెగుతుంది."

"పెరికేద్దాం."

ఆయన ఒక్కసారి రాట మీద చెయ్యి వేసినాడు. "నేను పాతానండి" అన్నాడు. అంతకంటే చెప్పేది లేదు. కాంక్రీటు ఆయనే పోసినాడు, ఆరినాక ఆయనే నెట్టి చూసి తలూపినాడు. తన పని గట్టితనం అంత ఏడుపు తెప్పించిన మేస్త్రీని నేను మళ్లీ చూడలేదు. ఆ మొగం చూస్తే నాకు ఎగతాళి కూడా రాలేదు. అంతవరకు వచ్చింది పరిస్థితి.

ఆడవాళ్లల్లో ఒకామె ఏడుపు మొదలుపెట్టింది. మేస్త్రీ భార్య మాత్రం పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆ బస్సు ముక్కును చూస్తా నిలబడింది.

మామా కుర్చీలోంచే అడిగింది: "ఏమైంది?"

చెప్పినాను. ఈసారి అబద్ధం ఏమీ కలపలేదు.

"కప్పు ఎత్తుగా ఉండేది ఎటు పక్క?"

"వెనక, మామా. గోడ తట్టు."

"మరి అటే పోండి."

"అటు గోడ ఉంది మామా."

"నాకు కళ్లు మసక గానీ, నా గోడ నాకు తెలీదా? కొట్టండి."

మేస్త్రీకి అర్థమై, గబగబా ముందుకు వచ్చినాడు. "వద్దండి, అమ్మగారూ" అని తెలుగులోనే మొదలుపెట్టి, తర్వాత నా వైపు తిరిగినాడు. "చెప్పండి బావగారూ. ఈ రోజుల్లో ప్రహరీ లేకుండా ఒంటరి ఆడమనిషి ఇంట్లో ఎలా ఉంటారండీ? మొన్న రెండిళ్లు అవతల తలుపులు బద్దలుకొట్టి వెళ్లారు కదా. గోడ ఉంటేనే ఇలా ఉంది."

నేను చెప్పినాను. ఆమె విని చెయ్యి విసిరింది. "గోడ నేను కట్టించుకున్నదే. పడితే మళ్లీ కట్టించుకుంటాను. ఆ పిల్ల కడుపును ఆగమని నేను చెప్పగలనా? యల్లా, యల్లా! ముందు నా గొర్రెలను పక్కకు కట్టండి, ఇటుకలు మీద పడతాయి." లేచి, తనే పోయి ఒక గొర్రె తాడు విప్పింది.

సమ్మెట నేను ఎత్తినాను. యార్డులో నేను లారీలు కొట్టినాను, క్రేన్లు కొట్టినాను. ఆ గోడకు మొదటి దెబ్బ వేసేదానికి మాత్రం చెయ్యి ఆడలేదు. మేస్త్రీ నా చేతిలోంచి సమ్మెట తీసుకుని తానే వేసినాడు. తర్వాత ఇద్దరం కలిసి బస్సు పట్టేంత సందు పడగొట్టినాము. బస్సు ముక్కు కింద మళ్లీ గొట్టాలు వేసి, వెనక చక్రాల మీద దాన్ని గోడ సందులోంచి వెనక్కి నెట్టినాము. ఆడవాళ్లంతా తలా ఒక చెయ్యి వేసినారు. ముక్కు ఎత్తు కప్పు కిందికి వచ్చినాక జాకీ పెడితే, బస్సు నింపాదిగా లేచింది. మూరెడు లేచినా పైన ఇంకా మూరెడు మిగిలింది.

ఇంజన్ రెండు దగ్గులు దగ్గి అందుకుంది. పెరట్లో గొర్రెలు చెల్లాచెదరు. అమ్ఘరా బండి ఒకటి తన కాళ్ల మీద తాను నిలబడడం నేను మొదటిసారి చూస్తున్నాను. కడుపు నిండిపోయింది, చెప్తే నమ్మండి.

ఆడవాళ్లు ఎక్కినారు. నేను స్టీరింగ్ ముందర కూర్చుని కేకేసినాను: "బావా, ఎక్కు! వరస తప్పిపోతాది!"

మేస్త్రీ, ఆయన భార్య వంటింటి గడప దగ్గర నిలబడి ఉండారు. ఆమె ఏదో చెప్తా ఉంది, ఆయన తల అడ్డంగా ఊపుతా ఉండాడు. ఇంజన్ చప్పుడుకు నాకేమీ వినపడలేదు. ఆఖరికి ఆయన తల ఆగిపోయింది. ఆమె వచ్చి బస్సెక్కి ఆ పరుపు సీట్లో కూర్చుంది. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి, "గోడ కట్టేసి వెనకాల బస్సులో వచ్చేస్తానండి. మీ చెల్లెల్ని చూసుకోండి" అన్నాడు.

"ఇప్పుడు గోడేంది బావా? నీకేమన్నా..." అనబోయి, ఆయన వెనక చూసినాను. మామా ఆ సందులో, ఇటుకల కుప్ప మీద కర్ర ఊని నిలబడి ఉంది. ఇంటి లోపలంతా వీధికి తెరుచుకోని ఉంది. వంటింట్లో గిన్నెలు కూడా కనపడుతున్నాయి. మామా చెయ్యి ఎత్తి, "ఖలాస్, పోండి, పోండి!" అని కోళ్లను తరిమినట్టు తరిమింది.

వరసలో కలిసినాము. ఆ దోవ సంగతి, బస్రా సంగతి, ఎడారిలో నీళ్ల సంగతి ఇప్పుడు చెప్పను. బస్సు మాత్రం ఎక్కడా ఆగలేదు. గతుకు వచ్చినప్పుడల్లా నేను అద్దంలో ఆ పరుపు సీటు వైపు చూసేవాణ్ని. ఆ అమ్మాయి ఒక్కసారి కూడా ఏడ్చినట్టు కనపడలేదు. జోర్డాన్‌లో బస్సును ఒక మైదానంలో వదిలేసినప్పుడు నేనే కొంచెం ఏడ్చినాను, బస్సు కోసం అని చెప్పుకున్నాను.

మేస్త్రీ వెనకాల బస్సులో రాలేదు. దాని వెనకాల బస్సులోనూ రాలేదు. ఆయన అక్కడ ఉండగానే ఇక్కడ ఆడపిల్ల పుట్టింది. యుద్ధం వచ్చింది, బాంబులు పడినాయి, చమురు బావులు కాలి పగలే చీకటి పడింది. అయినా రాలేదు. కఫీల్ తిరిగొచ్చి తల్లి చెయ్యి ముద్దు పెట్టుకున్నాక గానీ మేస్త్రీ కోనసీమ దోవ పట్టలేదు.

తమ్ముళ్లారా, నేను శానా యార్డుల్లో, శానామంది మేస్త్రీల కింద చేసినాను. మంచి పని చేసేవాళ్లను చూసినాను. గట్టిగా పాతి, ఆ గట్టితనం చూసి తానే దిగులుపడి, మళ్లీ అదే చేతులతో ఇటుక పేర్చిన మనిషిని మాత్రం ఒక్కణ్నే చూసినాను. అందుకే ఆయన వచ్చినాడని తెలియగానే కడప నుంచి బస్సెక్కి వాళ్ల ఊరు పోయినాను. ఈసారి బస్సు నేను తోలలేదు, అందుకే సుఖంగా పోయింది.

పాప పాకుతా ఉంది. తండ్రిని ఇంకా కొత్తవాణ్ని చూసినట్టే చూస్తా ఉంది. ఆయన చెయ్యి చాపితే అమ్మ దగ్గరికి పోతాది, మళ్లీ అక్కడ నుంచి తొంగి చూస్తాది. మేస్త్రీ చిక్కి సగమయినాడు. నన్ను చూసి నవ్వి, కొబ్బరి బొండాం కొట్టి తెస్తానని పెరట్లోకి పోయినాడు. అదే సందని నా లైసెన్సు బయటికి తీసినాను.

"ఏమ్మా చెల్లెమ్మా, మీ ఆయన ఒక గోడ కట్టేదానికి ఏడు నెలలు పెట్టినాడే! ఇట్లాంటి మేస్త్రీని మా తట్టు రోజు కూలికి కూడా పిలవరు తెలుసా?"

ఆమె పాపను ఒళ్లోకి తీసుకుని, నా వైపు నింపాదిగా చూసింది.

"గోడ రెండో రోజుకే అయిపోయిందండి అన్నయ్యగారూ. ఉండిపొమ్మన్నది నేను. నా కోసం గోడ పడగొట్టుకున్న మనిషిని ఒక్కదాన్నే వదిలేసొస్తే, ఈ పిల్లని ఏ మొహం పెట్టుకుని కంటానండీ? నాకు కాన్పు చెయ్యడానికి మా అమ్మ ఉంది. మీకు ఎగతాళి చెయ్యడానికి మేవున్నాం. ఆవిడకి ఎవరున్నారండీ, మీరు కూడా బస్సు తోలుకుని వచ్చేశాక?"